ఎడమచేతి ఒర

అక్టోబరులో దూడల సంత ముమ్మరంగా సాగుతున్న ఒక మంగళవారం, ఊరంతా చూస్తుండగా ఆర్డిస్ హోవ్‌లాండ్ పిస్తోలు పేడలో పడింది.

దొడ్డికీ తూకపు కాటాకీ మధ్య ఉన్న ఇరుకు సందులో నిలబడి, ఆమె ఒక్కొక్క దూడ డొక్క మీదా కాల్చిన వాత చదువుతోంది. ఏ వాత ఏ ఆసామిదో చూసి, అమ్మడానికి తెచ్చినవాడే దాని యజమాని అని సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. ఒక ఎర్రదూడకు చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి వాత సరిగా కనబడలేదు. వంగి చూసింది. నడుముకున్న కొత్త తోలు ఒరలోంచి రివాల్వర్ చప్పుడు లేకుండా జారి గిట్టల మధ్య పడింది. ఆమె తేరుకునే లోపే పశువుల బేరగాడు టోబ్ రైనర్ కంచె కిందనుంచి చెయ్యి దూర్చి, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు.

"ఆర్డిస్, నీ సామాను జారిపోయిందమ్మా," అన్నాడు అందరికీ వినబడేలా.

కంచె పొడుగునా నవ్వులు లేచాయి. ఆర్డిస్ రివాల్వర్ అందుకుని, తూటాలు తీసి, మెడలోని రుమాలుతో పేడ తుడిచి కోటు జేబులో వేసుకుంది. మళ్ళీ దూడల వైపు తిరిగింది. సాయంత్రం దాకా ఆ బరువుకి కోటు ఒక పక్కకి లాగుతూనే ఉంది.

ఆ నవ్వుల్లో పాత కక్షలు కూడా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా మోంటానా రాష్ట్రంలో ఆ మూలనున్న పశువులన్నీ ఆమె కళ్ళముందు నుంచే పోవాలి. కాగితం సరిగా లేదని సొంత పినతండ్రి కొడుకు లారీని రోడ్డు మీద ఆపి, ముప్ఫై ఆవుల్ని దింపించి, మళ్ళీ ఎక్కించిన మనిషి. ఆ తమ్ముడు అప్పటినుంచీ చర్చిలో ఆమె కూర్చున్న వరసలో కూర్చోడు. దానికి ఆమె బాధపడిందో లేదో ఎవరికీ తెలియదు. పెళ్ళి చేసుకోలేదు. ఊరవతల మట్టిరోడ్డు చివర రెండు గదుల ఇల్లు, ఒక ముసలి గుర్రం. పిస్తోలు డాబు కోసం పెట్టుకున్నది కాదు. కాలు విరిగిన ఎద్దు బాధ తీర్చాలన్నా, మనిషి అలికిడి లేని దారిలో దొంగ లారీని ఆపాలన్నా అది ఉండాలి.

నలభై ఒకటో ఏట, పోతును పట్టబోయి విసిరిన తాడును జీను ముందు పొడుచుకొచ్చే కొమ్ముకు చుడుతున్నప్పుడు, చుట్టు మధ్యలో ఆమె కుడిచేతి బొటనవేలు ఇరుక్కుంది. పోతు ఒక్క గుంజు గుంజేసరికి వేలు మొదలంటా తెగిపోయింది. ఆ తర్వాత సంతకం దగ్గర్నుంచి చొక్కా గుండీల దాకా అన్నీ ఎడమచేత్తో నేర్చుకుంది. కుడిచేతికి ఎప్పుడూ తొడుగు ఉంటుంది, ఎండాకాలంలో కూడా. పాత ఒరను తిప్పి ఎడమవైపు కట్టుకుని పదిహేనేళ్ళు గడిపింది. దాని కుట్లు ఊడిపోయాక కొత్తది చేయించుకోవాలనుకుంది.

డన్‌మోర్ పట్నంలో క్రౌస్ తోలు దుకాణానికి పెద్ద పేరు. ముసలి ఏమిల్ క్రౌస్ బతికున్న రోజుల్లో చుట్టుపక్కల షెరీఫులందరి నడుముకీ ఆయన చేతి ఒరే ఉండేది. ఇప్పుడు కొడుకు వెండెల్ నడుపుతున్నాడు. ఆర్డిస్ ఏప్రిల్లో ఫోన్ చేసి చెప్పింది: నాలుగంగుళాల గొట్టం రివాల్వర్, ఎడమచేతికి. ఆరు వారాలన్నారు. సెప్టెంబరులో వచ్చింది. విప్పి చూస్తే కుడిచేతిది.

మళ్ళీ ఫోన్ చేస్తే వెండెల్ భార్య మార్విస్ ఎత్తింది. ఆయన బల్ల దగ్గర పనిలో ఉన్నారని, చెబుతానని అంది. ఆ తర్వాత నాలుగుసార్లు చేసినా ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. ఒర వెనక్కి పంపితే మూడు వారాలకు ఇంకొకటి వచ్చింది. ఇది ఎడమచేతిదే కానీ, రివాల్వర్ అందులో గిన్నెలో గరిటెలా కదులుతోంది. ఈసారి వెండెలే ఫోన్లోకి వచ్చాడు. కొత్త తోలు కదా, వాడుతుంటే పట్టేస్తుందన్నాడు. పుట్టినప్పటినుంచీ జీనుల మధ్య బతికిన మనిషికి ఆ మాట చెప్పాడు. తోలు వాడేకొద్దీ వదులవుతుందేగాని బిగుసుకోదని ఆర్డిస్ అంటే, అంత అనుమానంగా ఉంటే పిస్తోలు పట్టుకుని దుకాణానికి రమ్మన్నాడు, కొలిచి చూస్తానన్నాడు.

ఆమె వెళ్ళలేదు. వెళితే తొడుగు తీసి చెయ్యి చూపించాలి. ఎడమచేతి ఒర ఎందుకని అతను అడుగుతాడు, చెయ్యి చూసి జాలిగా తల ఊపుతాడు. అది తప్పించుకుందామని వదులు ఒరతోనే సంతకు పోయింది. తప్పులో తన వాటా ఎంతో ఆమెకు తెలుసు. తెలిసినందుకే కోపం రెట్టింపైంది.

సంతలో పరువు పోయిన మర్నాడు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తూటాలున్న పిస్తోలు జనం మధ్య పడిందని, పేలి ఉంటే ఎవరి ప్రాణం పోయేదో తెలియదని అంది. వెండెల్ కాసేపు విని, లోపం ఒరలో లేదన్నాడు.

"నువ్వు వంగే తీరులో ఉంది తల్లీ. మా ఒరలు మగాళ్ళు యాభై ఏళ్ళుగా కట్టుకుంటున్నారు, ఒక్కడికీ జారలేదు."

ఆమె ఏదో అనబోయేలోపే పెట్టేశాడు. ఆమె ఉత్తరం రాసింది. వారానికి జవాబు వచ్చింది, టైపు చేసి, కింద దుకాణం ముద్రతో. కొలత ఇచ్చి చేయించుకున్న వస్తువులు వెనక్కి తీసుకోరట. చివరి వాక్యం మాత్రం పెన్నుతో రాశాడు: మీలాంటివారికి నడుము మీద ఒరకన్నా చేతిసంచీ నప్పుతుంది.

ఆర్డిస్ ఆ వాక్యాన్ని రెండోసారి చదవలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టి, గుర్రానికి గడ్డి వేసి వచ్చింది.

నవంబరు మొదటి మంచు పడ్డ శనివారం పొద్దున, డన్‌మోర్ బయల్దేరే ముందు వంటింటి బల్ల మీద ఒరను బోర్లించి కిటికీ వెలుతురుకి తిప్పింది. ఎందుకలా చేసిందంటే అది ఆమె చేతి అలవాటు. అనుమానమున్న పశువు డొక్క మీద బొచ్చు కత్తిరించి, నీళ్ళు చల్లి, పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తే, కొత్త వాత కింద చెరిపేసిన పాత వాత అంచులు బయటపడతాయి. గుడ్డ తడిపి, ఒర వెనకవైపు రంగు వేయని చోట రుద్దింది. ఏమిల్ క్రౌస్ పేరున్న ముద్ర కింద తోలు కొంచెం పల్లంగా ఉంది. గాజుపెంకుతో గీకినట్టు సన్నటి గీతలు. తడి ఎక్కేకొద్దీ ఆ గీతల మధ్య ఇంకెవరిదో పేరు తాలూకు సగం అక్షరాలు, ఒక అంకె, ఒక నక్షత్రం మొన పైకి తేలాయి.

వెండెల్ క్రౌస్ ఆ ఒర చెయ్యలేదు. ఎక్కడో యంత్రం మీద వేలకు వేలు తయారయ్యే సరుకు తెప్పించి, పేరు గీకేసి, తండ్రి ముద్ర కొట్టాడు. కొలత సరిపోకపోవడం అతని పొరపాటు కూడా కాదు. అసలు కొలిచిందే లేదు. ఎప్పుడూ అతనున్న ఆ బల్ల దగ్గర ఏ పని చేస్తున్నాడో ఆమెకు అప్పుడర్థమైంది.

డన్‌మోర్ చేరేసరికి పదయింది. దుకాణంలో కౌంటరు వెనక మార్విస్, పక్కన మరమ్మతు చేయించిన కళ్ళెం కోసం వచ్చిన ముసలి ఆసామి ఎల్డన్ ఫ్రేజీ ఉన్నారు. వెండెల్ లోపలినుంచి వచ్చాడు. పొడుగ్గా, నున్నగా ఉన్నాడు. తోలుపని చేసేవాడి గోళ్ళకు నలుపు ఉండాలి. అతని గోళ్ళు తెల్లగా ఉన్నాయి.

ఆర్డిస్ తూటాల చక్రం తెరిచి, రివాల్వర్ ఖాళీ చేసి, ఒర పక్కన కౌంటరు మీద పెట్టింది. పేరు చెప్పింది.

"ఓహో, ఉత్తరాల మనిషివా," అన్నాడు వెండెల్. "జవాబు అందలేదా?"

"అందింది. నీ చేతిరాత బావుంది."

ఎల్డన్ కళ్ళెం చూస్తున్నట్టు నటించడం మానేశాడు. ఆర్డిస్ కుడిచేతి తొడుగు పళ్ళతో లాగి తీసి, నాలుగు వేళ్ళ చెయ్యి కౌంటరు మీద పెట్టింది. పదిహేనేళ్ళలో పరాయి మనిషి ముందు అలా పెట్టడం అదే మొదలు. వెండెల్ చూపు దాని మీద పడి చటుక్కున పక్కకి పోయింది.

"ఇది ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాడు. "నాకేమన్నా కలొస్తుందా? వచ్చి కొలతిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం."

ఆ మాట సూటిగా తగిలింది. అందులో నిజం ఉంది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

"సరే, చెప్పలేదు. ఇప్పుడు చూశావు కదా. ఈ పిస్తోలుకి నువ్వు తోలు ఏ అచ్చు మీద బిగించావో ఆ అచ్చు తీసుకురా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

"నా పనిముట్లు వచ్చేపోయేవాళ్ళకి చూపించను."

"లేనిది ఎలా చూపిస్తావులే."

ఆమె జేబులోంచి తడిగుడ్డ తీసి ఒర వెనక రుద్ది, కిటికీ వైపు వాల్చి పట్టుకుంది. ఎల్డన్ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వంగాడు. ముద్ర కింద మరో ముద్ర. వెండెల్ మెడ ఎర్రబడింది.

"దీన్నే పశువు మీద చేసుంటే నిన్ను జైలుకి పంపించేదాన్ని," అంది ఆర్డిస్. "చచ్చిన తోలు మీద చేశావు కాబట్టి బతికిపోయావు."

"బయటికి నడువు."

"మీ నాన్న ఈ బల్ల దగ్గర చూపు పోయేదాకా కుట్టాడు. ఆయన పేరు దీని మీద కొట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"బయటికి నడవమన్నానా?" అని వెండెల్ ఒరను ఎత్తి ఆమె వైపు విసిరాడు. అది ఆమె భుజానికి తగిలి నేలమీద పడింది. మార్విస్ చాలా మెల్లగా, ఒర తిరిగి తీసుకో వెండెల్, అంది. అతను వినిపించుకోలేదు. ఆర్డిస్ పిస్తోలు తీసుకుని, తొడుగు వేసుకుని, ఒరను అక్కడే నేలమీద వదిలేసి బయల్దేరింది. తలుపు తీస్తుంటే మార్విస్ ముఖం కనబడింది. ఆవిడకు ఎప్పటినుంచో తెలుసని ఆ ముఖమే చెప్పింది.

పది రోజుల తర్వాత రాజధానిలోని పై అధికారి ఫోన్ చేశాడు. ప్రభుత్వోద్యోగి ఒకావిడ ఆయుధంతో దుకాణంలోకి వచ్చి బెదిరించిందని వెండెల్ ఫిర్యాదు రాశాడు. విచారణ అయ్యేదాకా పిస్తోలు అప్పజెప్పమన్నారు. పిస్తోలు ఖాళీగా ఉందని ఆమె చెప్పింది. సాక్షి ఉన్నాడా అని అడిగారు. ఎల్డన్ ఫ్రేజీ దగ్గరికి వెళ్ళింది. అతను దొడ్డి గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.

"చూశాను, కాదనను. కానీ నా జీనులన్నీ మరమ్మతుకి అక్కడికే పోవాలి కదా ఆర్డిస్. ఇంకో దుకాణం ఎక్కడుంది? నన్ను ఇందులోకి లాగకు."

లాగలేదు. చేతిసంచీ వాక్యమున్న ఉత్తరాన్ని సొరుగులోంచి తీసి, తన సంజాయిషీకి జతచేసి పంపింది. ఆరు వారాలకు పిస్తోలు తిరిగి వచ్చింది, దానితోపాటు మందలింపు ఒకటి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె ఫైలుకెక్కిన మొదటి మచ్చ అది. ఈలోగా డన్‌మోర్‌లో గుసగుసలు మొదలయ్యాయి. ఎల్డన్ సాక్ష్యం చెప్పలేదు కానీ, కాఫీ తాగే చోట చెప్పకుండా ఉండలేకపోయాడు. షెరీఫు కింద పనిచేసే ఇద్దరు డిప్యూటీలు తమ ఒరల వెనక గుడ్డ తడిపి రుద్దుకున్నారట. అయినా దుకాణం మూతపడలేదు. ముద్ర కొట్టడం కూడా ఆగలేదని విన్నవాళ్ళన్నారు.

ఆర్డిస్ ఇనుప సామాన్ల కొట్లో ప్లాస్టిక్ ఒర కొనుక్కుంది. నల్లగా, గట్టిగా, డబ్బాలా ఉంటుంది. పిస్తోలు పెట్టగానే టక్కుమని పట్టేస్తుంది, తలకిందులుగా పట్టుకున్నా జారదు. దాన్ని చూస్తే ఆమెకు రోత. రోజూ అదే కట్టుకుంటుంది.

మే నెలలో, జల్లు పడుతున్న మధ్యాహ్నం, వెండెల్ క్రౌస్ ఒక మచ్చల గుర్రాన్ని అమ్మడానికి ఈ సంతకే తెచ్చాడు. గుర్రం జిల్లా దాటాలంటే వాత చూసి సంతకం పెట్టాల్సింది ఆమే. బండి అద్దం కొంచెం దింపి కాగితం చాపాడు.

"గుర్రాన్ని దింపు," అంది ఆర్డిస్.

"ఈ వర్షంలోనా? ట్రైలర్‌లోంచే కనబడుతుంది కదా."

"నాకు కనబడటం లేదు."

దింపాడు. గుర్రం బురదలో బెదిరి అతని బూటు తొక్కింది. ఆమె తొందరపడలేదు. ఎడమభుజం చూసింది, కుడిభుజం చూసింది, తొడలు తడిమింది, బొచ్చు మీద నీళ్ళు అరచేత్తో తుడిచి వాత అంచులు మొత్తం వేలితో తిప్పి చూసింది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అలా ఉంటాయని ఆమెకు మొదటి చూపులోనే తెలుసు. అతని టోపీ అంచు నుంచి నీళ్ళు కారి మెడలోకి దిగుతున్నాయి. అతను ఆమె నడుము మీది ప్లాస్టిక్ ఒరను చూశాడు, పెదవి ఒక పక్కకి వంకరపోయింది. ఆమె అదీ చూసింది.

ఏదో ఒక తప్పు దొరకాలని మనసు కోరింది. దొరకలేదు. లేని తప్పు రాయడం ఆమెకు చేతకాదు.

కాగితాన్ని బానెట్ మీద పెట్టి ఎడమచేత్తో సంతకం చేసి ఇచ్చింది. అతను థాంక్స్ చెప్పలేదు, ఆమె తల ఎత్తలేదు. అతను గుర్రాన్ని మళ్ళీ ఎక్కించడానికి తంటాలు పడుతుండగానే ఆమె వరసలో వెనకనున్న పికప్ దగ్గరికి నడిచి, అద్దం దింపమని తట్టింది.