గుక్క మేస్త్రికి కాసిని మంచినీళ్ళు

మోటారు పాడై, ఇంట్లో చుక్క నీరు లేక జనం లబోదిబోమంటూ పిలిస్తే, ఆ ఇంటికి వెళ్ళి పనిముట్ల సంచీ కింద పెట్టకముందే "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అని అడిగే మనిషి ఈ లోకం మొత్తమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయనే గుక్క మేస్త్రి.

"నీళ్ళు లేకనే కదయ్యా నిన్ను పిలిపించింది!"

"తెలుసమ్మా. అయినా కాసిని..."

తిట్టుకుంటూనే ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. దేంట్లో ఇస్తారో కూడా చెప్పాలి. కుండీలకు నీళ్ళు పోసే మగ్గులో ఇస్తారు. పిడి విరిగిన కప్పులో ఇస్తారు. ఒకావిడైతే పెయింటు డబ్బా మూతలో ఇచ్చింది, అంచుకు ఇంకా పచ్చరంగు ఉంది. ఇంట్లోవాళ్ళు తాగే గ్లాసులు మాత్రం అలమరలో బోర్లించి భద్రంగా ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఇళ్ళలో, పొలాల్లో మోటార్లు దించుతున్నాడు, ఎత్తుతున్నాడు. వాళ్ళు తాగే ప్రతి చుక్కా ఆయన చేత్తో పట్టుకుని దించిన పైపులోంచే పైకొస్తుంది. పైపు ముట్టుకుంటే ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. గ్లాసు ముట్టుకుంటేనే వచ్చింది తంటా.

ఆయన మగ్గు రెండు చేతులా అందుకుంటాడు. మొదటి గుక్క బుగ్గల్లో అటూ ఇటూ తిప్పుతాడు. రెండో గుక్క నాలుక మీద నిలబెట్టి కళ్ళు మూసుకుంటాడు. మూడోది మింగి, తీర్పు చెబుతాడు.

"ఇనుము. లోపల ఎక్కడో కాస్త సున్నం. ఇవి నీలం గేటు వాళ్ళ బావి నీళ్ళు కదూ?"

నీలం గేటు వాళ్ళవే! ఇంటివాళ్ళు నోరెళ్ళబెడతారు. మేస్త్రి మగ్గు పక్కన పెట్టి, స్పానరు తీస్తాడు. ఈ మూడు గుక్కల మూలంగానే ఆయనకా పేరు. అసలు పేరు ఆయనే మర్చిపోయాడని గిట్టనివాళ్ళు అంటారు.

ఆ నాలుక పేరు ఊరూరా పాకింది. ఓసారి పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. "పుక్కిలించి ఉమ్మెయ్" అని డాక్టరు గ్లాసు చేతికిచ్చాడు. ఈయన పుక్కిలించాడు గానీ ఉమ్మలేదు. కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు కంగారుపడ్డాడు.

"ఏమైంది? మత్తు ఎక్కువైందా?"

"కాదండీ. మీ బావిలో పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు తుప్పు పట్టిపోయింది. ఇవాళో రేపో మోటారు నీళ్ళందక ఉత్తినే తిరుగుతుంది."

మర్నాడు పొద్దున్నే డాక్టరింటి నుంచి ఫోను. మేస్త్రి వెళ్ళి ఫుట్‌వాల్వు మార్చాడు, ఆయన పన్ను మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకోసారి ఒక రైతు, తన బోరు సన్నగా పోస్తోందని, మోటారు ముసలిదైపోయిందని, కొత్తది కొనాల్సిందేనని తొందరపెట్టాడు. మేస్త్రి పైపు చివర దోసిలి పట్టి, మూడు గుక్కలు తాగి, పళ్ళ మధ్య కరకరమనిపించాడు. "ఇసుక. మోటారును మరీ అడుక్కు దించారు. రెండు పైపులు పైకెత్తితే చాలు, కొత్తది దేనికి?" ఎత్తాడు. పోసింది. మోటార్ల దుకాణం వాడు నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

అంత నాలుక ఉన్న మొగుడితో కాపురం ఎలా ఉంటుందో మేస్త్రమ్మని అడగాలి.

వాళ్ళింటి ముందుగదే ఆఫీసు. మూలన రాగితీగ చుట్టలు, గోడకు పైపు క్లాంపులు, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పంపుల్లో తిరిగి తిరిగి అరిగిపోయిన ఇంపెల్లర్లు. ఫోను మోగితే ఎత్తేది మేస్త్రమ్మ. ఎవరు ముందు పిలిచారో, ఎవరు తర్వాతో సుద్దముక్కతో పలక మీద వరసగా రాసేదీ ఆవిడే. ఆ వరసను రోజూ తగలెట్టేది మేస్త్రి. ఒకటో నంబరు ఇంటికి వెళ్తాడు, మూడు గుక్కలు తాగుతాడు, "వస్తానుండండి" అని ఐదో నంబరుకు పోతాడు. ఒకటో నంబరు వాళ్ళు ఫోన్లో దులిపేది మేస్త్రమ్మని.

మొగుడి పరువు కోసం ఆవిడ ఓసారి తళతళలాడే స్టీలు గ్లాసు కొని సంచీలో పెట్టింది. "ఇకమీదట ఇందులో పొయ్యమను. ఆ దిక్కుమాలిన మగ్గులేమిటి నీకు!" వారం తర్వాత చూస్తే గ్లాసు నిండా వాషర్లు.

"ఏమయ్యా, ఇందుకా కొనిచ్చింది?"

"సరిగ్గా అరంగుళం వాషర్లు పట్టాయే. ఎంత బాగా కుదిరిందో చూడు!"

ఆ నాలుక సంగతేదో తేల్చుకుందామని ఓ రోజు రెండిళ్ళ నుంచి నీళ్ళు తెప్పించి, ఒకే చెంబులో కలిపి చేతికిచ్చింది. ఆయన మూడు గుక్కలు తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఇందులో రెండు బావులున్నాయే. వాటికి ఒకదానంటే ఒకదానికి పడ్డం లేదు" అన్నాడు. ఆ రెండిళ్ళవాళ్ళకీ ప్రహరీ గోడ దగ్గర మూడేళ్ళుగా మాటల్లేవు. మేస్త్రమ్మ ఆ నాలుకకి దణ్ణం పెట్టేసింది.

కానీ ఆవిడ తక్కువ తిన్నదేం కాదు. ఒక సందేహం మాత్రం ఆవిణ్ణి ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"ఏమయ్యా, నీళ్ళు రాని ఇంట్లో నువ్వు తాగేది పక్కింటి నీళ్ళు కదా?"

"అవును."

"పక్కింటి నీళ్ళు తాగితే ఈ ఇంటి మోటారు జబ్బు నీకెలా తెలుస్తుంది?"

"తెలీదు."

"మరెందుకు తాగడం?"

"దాహమేస్తుంది."

ఇరవై రెండేళ్ళుగా ఇదే జవాబు. ఇంట్లో ఉన్నప్పుడు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా గ్లాసు ముట్టని మనిషికి, ఎవరింటి గడప తొక్కినా దాహమేనా?

ఆ ముడి ఓ బుధవారం విడింది. ఆయనతో పనికి వెళ్ళే బావమరిదికి నడుం పట్టేసింది. గొలుసు లాగడానికి ఇంకో మనిషి కావాలి. "నేనొస్తా పద" అని మేస్త్రమ్మ కొంగు బిగించింది.

పిలిచింది ముందు వాటాలో ఉండే ఇంటి యజమాని. వెనక వాటాలో అద్దెకుండేది ఓ కుట్టుపనావిడ. మొగుడు లారీ మీద తిరుగుతూ పది రోజులకోసారి ఇంటికొస్తాడు. ఆవిడకు ఏడో నెల. ముందు వాటాకు నేలబావి, వెనక వాటాకు విడిగా బోరు. యజమాని వీళ్ళను గేటు దగ్గరే ఆపి గొంతు తగ్గించాడు.

"చూడు మేస్త్రీ, మోటారు నిక్షేపంలా ఉంది. నెల్లాళ్ళుగా నీళ్ళు రావట్లేదని ఒకటే నస. నువ్వు ఒక్కసారి చూసి, బాగానే ఉందని ఆవిడ మొహాన చెప్పి వెళ్ళు. అంతే. అబద్ధాలాడే వాళ్ళకి నా ఇంట్లో చోటు లేదు. ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయిస్తా."

మేస్త్రమ్మ వెనక వాటా వైపు చూసింది. ఏడో నెల మనిషి సామాన్లు మూటగట్టుకుని ఎక్కడికి పోతుంది? ఈయన నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద ఆవిడ ఇల్లు నిలబడాలా, పోవాలా!

మేస్త్రి సంచీ కూడా దించకుండా చెయ్యి చాపాడు. "అయ్యా, కాసిని మంచినీళ్ళు..."

యజమాని తోటలోకి చూశాడు. కుళాయి కింద ఎర్ర ప్లాస్టిక్ మగ్గు ఉంది. దాన్నే నింపి ఇచ్చాడు. మూడు గుక్కలు. మేస్త్రి కళ్ళు తెరిచి వెనక వాటా వైపు నడిచాడు.

వెనక వాటాలో కుట్టు మిషను మీద సగం కుట్టిన లంగా ఉంది. ఆవిడ నడుమ్మీద చెయ్యి వేసుకుని లేచింది. యజమాని కుళాయి తిప్పాడు. నీళ్ళు బొళబొళా వచ్చాయి.

"చూశారా? ఇదీ ఈవిడగారి కష్టం!"

కుట్టుపనావిడ తెల్లబోయింది. "ఒట్టు అన్నా, నిన్నటిదాకా చుక్క లేదు. పొద్దున నేను బిందె పట్టుకుని వెళ్ళొచ్చేసరికి ట్యాంకు నిండి ఉంది. ఎలా వచ్చాయో నాకే అంతుపట్టట్లేదు."

"నీకెందుకు అంతుపడుతుందమ్మా" అన్నాడు యజమాని. స్విచ్చి వేశాడు. బోరులోంచి సన్నగా గుర్రుమని చప్పుడు. "అదిగో, మోటారు తిరుగుతోంది! ఇక చెప్పు మేస్త్రీ."

మేస్త్రి కుళాయి కింద దోసిలి పట్టాడు. మూడు గుక్కలు తాగాడు. తర్వాత కుట్టుపనావిడ వైపు తిరిగి, "చెల్లెమ్మా, తాగడానికి కాసిని..." అన్నాడు.

ఆవిడ అరలోంచి గ్లాసు తీసింది. తను తాగే గ్లాసే. దాన్ని ఒకసారి తొలిచి, బిందెలోంచి ముంచి ఇచ్చింది. మేస్త్రి మూడు గుక్కలు తాగి ఆగలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన గ్లాసు ఖాళీ చేయడం మేస్త్రమ్మ చూడటం అదే మొదటిసారి.

"ఇవి కంకర మిల్లు పక్క చేతిపంపు నీళ్ళు" అన్నాడు మెల్లగా. "రాతిపొడి రుచి. రైలుగేటు దాటి వెళ్ళాలి. ఎన్ని బిందెలమ్మా రోజుకి?"

"ఆరు అన్నా. గేటు పడితే అక్కడే నిలబడాలి."

మేస్త్రమ్మకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. రోజూ పలక మీద తారుమారయ్యే వరస కళ్ళముందు కదిలింది.

"అయ్యా" అన్నాడు మేస్త్రి, యజమాని వైపు తిరిగి. "ఈ కుళాయి నీళ్ళలో కుళ్ళిన ఆకు రుచి ఉంది. మీ ఎర్ర మగ్గులోనూ అదే ఉంది. మీది నేలబావి, పైన మూత లేదు, ఆకు పడుతుంది, నిజమే. ఈ బోరుకు మూత నేనే బిగించాను. నూట యాభై అడుగుల లోతుకు ఆకు ఎలా వెళ్ళిందంటారు?"

యజమాని చూపు తోట వైపు పోయింది. మేస్త్రమ్మ అటు చూసింది. తోటలో కొక్కేనికి చుట్టి పెట్టిన, వెనక ట్యాంకు దాకా అందే ఆకుపచ్చ గొట్టం చివర్నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

"నాలుక చెప్పేది సాక్ష్యమా?" అన్నాడు యజమాని.

"కానే కాదండీ. పైకి లాగి చూద్దాం."

మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టారు. గొలుసు కప్పీ తగిలించారు. మేస్త్రమ్మ గొలుసు తెచ్చి యజమాని చేతిలో పెట్టింది. "మా తమ్ముడికి నడుం పట్టేసిందండీ. మీరు కాస్త పట్టాలి."

ఇస్త్రీ చొక్కాతో ఆయన నూట యాభై అడుగుల పైపు లాగాడు. ఒక్కో పైపు ముక్క పైకొచ్చినప్పుడల్లా ఆగి, "ఇంకా ఉందా?" అని అడిగాడు. "ఉందండీ" అంది మేస్త్రమ్మ ప్రతిసారీ, చాలా మర్యాదగా.

పంపు పైకొచ్చింది. మేస్త్రి దాన్ని విప్పి, మోటారునీ పంపునీ కలిపే కప్లింగును అరచేతిలో పెట్టి చూపించాడు. పళ్ళన్నీ అరిగి నున్నగా అయిపోయింది.

"మీరన్నది నిజమేనండీ, మోటారు తిరుగుతోంది. పంపే తిరగట్లేదు. పాపం మోటారు నెల్లాళ్ళుగా ఉత్తినే తిరుగుతూ అందరినీ మోసం చేసింది."

యజమాని ఆ మాటను మునిగేవాడు తాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "అదీ! నేనూ అదే... మోటారు తిరుగుతోంది కదా అనుకున్నా."

"అంటే ఈవిడ అబద్ధం ఆడలేదు కదండీ?" అంది మేస్త్రమ్మ.

యజమాని తన ఇస్త్రీ చొక్కాకే చేతులు తుడుచుకున్నాడు.

"ఒకటో తారీఖు సంగతి ఏమంటారు?"

"ఒకటో తారీఖా? అది... ఏదో కోపంలో అన్నా. ఉండనీండి."

"కొత్త కప్లింగు రావడానికి నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు మేస్త్రి సామాన్లు సర్దుతూ. "అప్పటిదాకా పొద్దున మీరు వేసిన గొట్టమే వేసి ఉంచండి. చుట్టి పెట్టకండి."

తిరుగుదారిలో మేస్త్రమ్మ మొదలుపెట్టింది.

"అయితే నీ దాహం ఇదన్నమాట."

"మోటారు జబ్బు మోటారే చెబుతుందే. ఆ ఇంట్లో నీళ్ళు ఎవరు మోస్తున్నారో, ఎంత దూరం నుంచి మోస్తున్నారో అది చెప్పదు. అడిగితే మనుషులూ చెప్పరు. నీళ్ళు చెబుతాయి."

"దగ్గర్లో నీళ్ళు దొరికేవాళ్ళు ఆగొచ్చు, దూరం నుంచి మోసేవాళ్ళు ఆగలేరు. అంతేనా? ఆ ముక్క నాకు చెబితే పలక మీద వరస నేనే సరిగ్గా రాసేదాన్ని కదా! ఎన్ని తిట్లు తిన్నాను!"

"నువ్వు అడగలేదుగా."

"ఇరవై రెండేళ్ళు అడిగాను!" అని అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "మరి ఆ మగ్గుల సంగతేంటి? మంచి గ్లాసులో ఇమ్మని నోరు తెరిచి అడగవేం?"

"మంచి గ్లాసులో ఫిల్టరు నీళ్ళు పోస్తారే. వాటికి రుచేం ఉంటుంది? మగ్గులోనే అసలు నీళ్ళు పోస్తారు."

మేస్త్రమ్మ ఈ జవాబును ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఆయన ఓర్చుకున్నంత మాత్రాన ఆ మగ్గు మంచిదైపోదు. మర్నాటి నుంచి ఫోను ఎత్తగానే ఆవిడ మూడు ముక్కలు చెబుతోంది. "నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తున్నారు? ఎవరు మోస్తున్నారు? ఆ, ఇంకోటండీ, మా ఆయనకి మీరు తాగే గ్లాసులోనే ఇవ్వాలి. ఫిల్టరువి కాదు, మామూలువే." అవతలివాళ్ళు తికమకపడి, ఇది మోటార్ల మేస్త్రి ఇల్లేనా అని మళ్ళీ అడుగుతున్నారు.

కాబట్టి చదివే మీరంతా ఒక పని చెయ్యండి. మీ ఇంటికి మోటారు బాగుచేసేవాడు రానీ, గోడకు రంగు వేసేవాడు రానీ, కరెంటు తీగ లాగేవాడు రానీ, అడక్కముందే నీళ్ళివ్వండి. మీరు తాగే గ్లాసులో ఇవ్వండి. మీకు అద్దె వాటా ఉంటే, ఇవాళే వెళ్ళి అక్కడి కుళాయి ఒకసారి తిప్పి చూడండి. ఒకవేళ వచ్చినవాడు మూడు గుక్కలు తాగి కళ్ళు మూసుకున్నాడనుకోండి, మీ ఇంటి గుట్టు ఏదైనా ఉంటే, ఆయన కళ్ళు తెరిచేలోగా ఒప్పేసుకోండి.