పాలకొల్లు మర్యాదలూ, ఆరు వందల గ్రాముల బాక్సింగూ

బాక్సింగ్ పోటీ కోసం నేను ఊరు ప్రయాణం కడతానని ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే వాళ్ల మొహం మీదే నవ్వి ఉండేదాన్ని. రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో పదిహేడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఇద్దరు మనుషులు కొట్టుకుంటుంటే వంద మంది చుట్టూ చేరి చప్పట్లు కొట్టడం ఏం ఆటో నాకెప్పుడూ అర్థం కాలేదు. అలాంటిది ఫిబ్రవరిలో ఒక గురువారం మా వ్యాయామ ఉపాధ్యాయుడు సత్యం మాస్టారు స్టాఫ్ రూములోకి వచ్చి, "మేడమ్‌గారండీ, మీరొక్కరే దిక్కండి" అని నిలబడ్డారు. పదో తరగతి దుర్గ పాలకొల్లులో జరిగే రాష్ట్ర ఎంపిక పోటీలకు వెళ్లాలి. ఆడపిల్ల వెంట ఒక మహిళా టీచరు ఉండి తీరాలని నిబంధన. వెళ్లాల్సిన టీచరమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మా మేనత్త పాలకొల్లులో ఉంటుందన్న సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. అలా మొదలైంది నా ప్రయాణం.

దుర్గ గురించి చెప్పాలి. వాళ్లది గోదావరి మీద చేపలు పట్టుకుని బతికే కుటుంబం. నాన్న వల విసురుతుంటే పడవకు తెడ్డు వేసేది ఈ పిల్లే. అమ్మ మార్కెట్టులో చేపలమ్ముతుంది. లెక్కల్లో అత్తెసరు మార్కులు. నోటు పుస్తకాల అట్టల మీద మాత్రం పేపర్లలోంచి కత్తిరించిన బాక్సింగ్ ఛాంపియన్ల బొమ్మలు వరసగా అంటించి ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతం అడిగితే నేల చూపులు చూస్తుంది కానీ, ఏ యోధుడు ఎన్నో రౌండులో ఎవరిని పడగొట్టాడో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఈ పోటీలో గెలిస్తే రాష్ట్ర శిక్షణ హాస్టల్లో చోటు, అక్కడే చదువు. ఓడిపోతే పరీక్షలయ్యాక రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు వలిచే పనికి పంపిస్తామని ఇంట్లో చెప్పేశారు. జూనియర్లలో ఆమెకు ఇదే ఆఖరి ఏడాది.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు రాజమండ్రి కాంప్లెక్సులో రావులపాలెం బస్సెక్కాం. టికెట్టు పద్దెనిమిది రూపాయలు, గంట ప్రయాణం. కుడి వైపు కూర్చుంటే ఎండ పడదు. కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు పక్కలా పూల మొక్కలు, జొన్నాడ వంతెన మీద మంచు విడుతున్న గౌతమి, చూడటానికి కళ్లు చాలవు. రావులపాలెంలో దిగేసరికి అరటి మార్కెట్టు నిండా గెలలే. అక్కడి నుంచి పాలకొల్లుకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. ముప్పావు గంట నిలబడితే ఒకటి దొరికింది, పదహారు రూపాయలు. సిద్ధాంతం వంతెన దాటి, పెనుగొండ, మార్టేరు మీదుగా పదింటికల్లా దిగాం. దారంతా సత్యం మాస్టారు నాకు ఒకటే పాఠం. "పొద్దున బరువు చూశానండి, నలభై ఏడున్నర ఉంది. రేపు పొద్దున నలభై ఎనిమిది కిలోలు దాటితే ఆ విభాగంలో ఆడనివ్వరు. మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రికి రెండు పుల్కాలు, గ్లాసు మజ్జిగ. ఇంకేం పెట్టొద్దండి." అంతేనా అన్నాను. లెక్కల టీచర్ని, రెండు పుల్కాలు లెక్కపెట్టలేనా?

మాస్టారు పోటీలకు వచ్చిన మగపిల్లలతో కలిసి అక్కడి స్కూల్లో బస చేశారు. ఆడపిల్లల్ని మాత్రం నిర్వాహకులు పెళ్లివారిని విడిదిలో దింపినట్టు ఊళ్లో ఇళ్లకు పంచేశారు. మేం మా అత్తయ్య ఇంటికి ఆటో మాట్లాడుకున్నాం, పదిహేను రూపాయలు. ఆటో డ్రైవరు అద్దంలోంచి దుర్గను ఎగాదిగా చూసి, "బాక్సింగా అండీ? నేను టీవీలో చూస్తానండి. ఒక్కొక్కడూ గున్న ఏనుగులా ఉంటాడు. ఈ పాపేంటండీ, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది! కాస్త తిండి పెట్టించండి మేడమ్" అన్నాడు. దుర్గ పళ్లు బయటపెట్టి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ మాట ఊరంతటి అభిప్రాయమని అప్పటికి నాకు తెలియదు.

మా అత్తయ్యకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. మడి, ఆచారం గట్టిగా పాటించే మనిషి. ఎంగిలి చెయ్యి గ్లాసుకు తగిలితే ఆ గ్లాసు మూడుసార్లు తోమిస్తుంది. కానీ గుమ్మంలోకి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, కడుపు నిండకుండా వెళ్తే ఆమెకు నిద్ర పట్టదు. మధ్యాహ్నం పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, నేతిలో మునిగిన బొబ్బట్లు, గడ్డ పెరుగు. దుర్గ "చాలండి మామ్మగారూ" అన్న ప్రతిసారీ ఇంకో గరిటె పడింది. గోదావరి వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకు చెబుతున్నాను: మా దగ్గర "వద్దు" అనేది మర్యాద కోసం అనే మాట. మొదటి వద్దుకు వడ్డిస్తారు, రెండో వద్దుకు ఇంకొంచెం వడ్డిస్తారు, మూడో వద్దుకు "మొహమాటపడకమ్మా" అంటారు. పెద్దవాళ్లు పెట్టింది విస్తట్లో వదలడం ఆ పిల్ల వల్ల కాలేదు. సాయంత్రం చేగోడీలు, పాలు. రాత్రి నేను గట్టిగానే చెప్పాను, "అత్తయ్యా, దీనికి రెండు పుల్కాలు చాలు" అని.

"రెండు పుల్కాలేంటే శారదా, పిల్ల యుద్ధానికి వెళ్తుంటే! ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. రేపు ఎవర్తో కొడితే నిలబడొద్దూ?" అని అత్తయ్య నన్నే కసిరింది. దుర్గ విస్తట్లో పుల్కాల బదులు మళ్లీ అన్నం, బొబ్బట్లు పడ్డాయి, నేను అడ్డుపడలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ నాలుగో బొబ్బట్టు మీద ఉన్నాను.

శనివారం ఉదయం ఏడుంబావుకు పోటీలు జరిగే కల్యాణమంటపానికి వెళ్లాం. పెళ్లిపీటలు వేసే చోట బాక్సింగ్ రింగు కట్టారు. చుట్టూ గోడల మీద ప్రపంచ ఛాంపియన్ల ఫ్లెక్సీలు, వాటి మధ్యలో చేతులు జోడించిన స్థానిక పెద్దలు. ఆడపిల్లల బరువులు చూసే గదిలోకి దుర్గతో పాటు నేనూ వెళ్లాను. యంత్రం ఎక్కింది. నలభై ఎనిమిది కిలోల ఆరు వందల గ్రాములు. దుర్గ దిగి, మళ్లీ ఎక్కి చూసింది. అదే అంకె. ఆమెతో తలపడాల్సిన విశాఖ పిల్ల పక్కనే నిలబడి ఉంది. తెల్లవారుజామున రైలు దిగి నేరుగా వచ్చిందట, ఎవరింటి మర్యాదా అంటలేదు. నలభై ఏడున్నరతో దర్జాగా దిగింది. ఆ బరువులో వచ్చింది వీళ్లిద్దరే. దుర్గ బరువు తగ్గకపోతే పోటీ లేకుండానే ఆ పిల్ల గెలిచినట్టు.

"ఎనిమిదిన్నర దాకా ఎన్నిసార్లయినా ఎక్కొచ్చండి. ఒక్క నిమిషం దాటినా నేనేం చెయ్యలేను" అంది అధికారిణి. ఊళ్లో ఇళ్లలో దిగిన పిల్లల్లో ఇంకా ముగ్గురిది ఇదే అవస్థ అని కూడా చెప్పింది. పాలకొల్లు ఇల్లాళ్లు ఒక్క పూటలో చేసిన ఘనకార్యం అది.

బయట సత్యం మాస్టారి మొహం చూడలేకపోయాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. టైము ఏడున్నర. గంటలో ఆరు వందలు, అంటే నిమిషానికి పది గ్రాములు. పదిహేడేళ్లుగా పిల్లలతో చేయిస్తున్న లెక్క ఆ రోజు నాకే ఎదురొచ్చింది. ఆ పిల్లను అప్పజెప్పింది నాకు, పాడు చేసింది నేను. మాస్టారు ఎవరి మోటారుసైకిలు మీదిదో ఒక రెయిన్‌కోటు తెచ్చి దుర్గకు తొడిగి, చేతికి స్కిప్పింగ్ తాడు ఇచ్చారు. చల్లటి పొద్దు, చెమట త్వరగా పట్టడం లేదు.

అప్పుడు వంటశాలలోంచి ఒకాయన తొంగి చూశాడు. పోటీలకు వచ్చిన నూట యాభై మందికి వంట చేస్తున్న వీర్రాజు గారు. సంగతి తెలుసుకుని, "ఇలా తీసుకురండమ్మా. నా గాడిపొయ్యి పక్కన అరగంట నిలబడితే నేనే అరకేజీ తగ్గిపోతాను" అన్నాడు. గాడిపొయ్యంటే నేలలో పొడుగ్గా తవ్విన పొయ్యి, ఒకేసారి నాలుగు గుండిగలు ఎక్కుతాయి. నిప్పుల సెగ మొహానికి కొట్టే చోట, సాంబారు ఆవిరి మధ్య, దుర్గ తాడు ఆడటం మొదలుపెట్టింది. వీర్రాజు గారు చింతపండు ముద్ద ఒకటి తెచ్చి, "ఇది బుగ్గన పెట్టుకో పాపా, మింగకు. ఊరిన నీరంతా ఉమ్మెయ్. నోట్లో నీళ్లూ బరువేగా" అన్నాడు.

ఏడూ యాభైకి అత్తయ్య దిగింది, చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. పెసరట్లు, ఉప్మా, అల్లం పచ్చడి. సంగతి చెప్పాను. ఆమె మొహంలో రంగు మారిపోయింది. "అయ్యో, నా చేత్తో నేనే పిల్ల నోట్లో మట్టి కొట్టానే" అని అక్కడే కూలబడింది. ఒక్క నిమిషం. తర్వాత లేచి, భుజం మీది శాలువా తీసి రెయిన్‌కోటు మీద దుర్గ మెడకు చుట్టింది. క్యారేజీలో పై గిన్నె ఖాళీ చేసి, దాన్ని దుర్గ నోటి కింద పట్టుకుంది. "ఉమ్ము తల్లీ, ఉమ్ము. ఆగకు." ఎంగిలంటే ఆమడ దూరం పరిగెత్తే మా అత్తయ్య అరగంట సేపు ఆ గిన్నె పట్టుకుని పొయ్యి సెగలో నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఎనిమిదీ అయిదుకు ఎక్కితే నలభై ఎనిమిది ఆరు వందల దగ్గర నుంచి నలభై ఎనిమిది మూడు వందలకు వచ్చింది. ఎనిమిదీ ఇరవైకి నూట ఇరవై గ్రాములు మిగిలాయి. తాడు దుర్గ కాళ్లకు తట్టుకుంటోంది, పెదాలు పగిలాయి. "ఇంక చాలమ్మా" అనబోయాను. ఆ పిల్ల నా వైపు చూసి, "అయిపోద్దండి టీచర్. నాన్న పడవకి ఎదురీత ఇంతకంటే కష్టం" అని మళ్లీ తాడందుకుంది. ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి, చెమట తుడిచి, యంత్రం మీద నిలబెట్టాం. అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. నలభై ఏడు తొమ్మిది వందల డెబ్బై. అధికారిణి రాసుకుని సంతకం పెట్టింది. గుమ్మం బయట వీర్రాజు గారు గరిటెతో గుండిగ మీద దబదబా వాయించాడు.

పోటీ మధ్యాహ్నం మూడింటికి. అప్పటిదాకా మాస్టారు చెప్పినట్టే నీళ్లు, అరటిపండు, కాస్త పెరుగన్నం పెట్టి పడుకోబెట్టాం. అత్తయ్య వీధిలోని ఆడవాళ్లందర్నీ పోగేసుకొచ్చి, పెళ్లిలో ఆడపిల్లవారిలా ముందు వరసలో కూర్చుంది. మూడు రౌండ్లు, ఒక్కోటి రెండు నిమిషాలు. మొదటి రౌండులో విశాఖ పిల్ల చేతులు కంటికి కనిపించలేదు. దుర్గ తల మీద ఠపఠపా దెబ్బలు పడ్డాయి. అత్తయ్య కళ్లు మూసుకుంది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పొద్దున చిక్కిపోయిన కాళ్లు నిలబడతాయా లేదా అన్నదే నా బెంగ.

విరామంలో మాస్టారు దుర్గ చెవిలో ఒకటే మాట చెప్పారు, "చేత్తో కాదు, తెడ్డేసినట్టు నడుంతో కొట్టు." రెండో రౌండులో ఆ పిల్ల వెనక్కి తగ్గడం మానేసింది. కాళ్లు దన్నుగా నిలిపి, భుజం తిప్పి, ఎడమ చెయ్యి, వెంటనే కుడి చెయ్యి. విశాఖ పిల్ల తాళ్ల దాకా వెళ్లిపోయింది. మూడో రౌండులో ఇద్దరూ అలిసిపోయారు కానీ తెడ్డు వేసిన చేతులకు అలుపు ఆలస్యంగా వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. మడి కట్టుకునే మా అత్తయ్య కుర్చీ మీంచి లేచి, "కొట్టవే దుర్గా! ఇంకోటి కొట్టు!" అని అరిచింది. నేను అంతకంటే గట్టిగా అరిచాను. బాక్సింగ్ ఏం ఆటో నాకు అర్థమైంది. గంట మోగింది. రిఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని నిలబడ్డాడు. అయిదుగురు న్యాయనిర్ణేతల్లో నలుగురు దుర్గ పేరు రాశారు. ఆయన ఆ పిల్ల చెయ్యి పైకెత్తేసరికి మంటపం కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. విశాఖ పిల్ల వచ్చి దుర్గను కావలించుకుంది. మాస్టారు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

బస్టాండు పక్క ఎస్టీడీ బూత్ నుంచి వాళ్ల వీధిలోని కొట్టుకు ఫోను చేశాం. అమ్మ లైన్లోకి రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. "దెబ్బలేమన్నా తగిలాయేంటే?" అని అడిగింది. "తగిలాయమ్మా. నేనే ఎక్కువ కొట్టాను. హాస్టలుకి రమ్మన్నారు" అంది దుర్గ. ఆవిడ ఫోను పక్కన పెట్టేసి వీధి వైపు కేకేస్తోంది, "ఏవండోయ్, మన దుర్గ గెలిచిందంట!" ఆ కేక మా ఇద్దరికీ వినపడింది.

సోమవారం స్కూలుకు వెళ్లాను. తొమ్మిదో తరగతి గోలగోలగా ఉంది. ఇలాంటప్పుడు నేను బల్ల మీద కొట్టి, "చేతులు కట్టుకోండి" అనేదాన్ని. పదిహేడేళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటానో. ఆ రోజు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నలభై మంది ఆడపిల్లల చేతులు, ఎనభై. ఏ చెయ్యి ఏం చేయగలదో నాకేం తెలుసు? పుస్తకాలు తియ్యండి అన్నాను, అంతే. అప్పటి నుంచి ఆ మాట మానేశాను.

పోటీ కోసం గోదావరి జిల్లాలకు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. బరువు చూసే రోజుకు ముందు ఎవరింట్లోనూ దిగకండి, పాలకొల్లు బస్టాండు దగ్గర రెండు వందలకు శుభ్రమైన లాడ్జి గది దొరుకుతుంది. బరువులయ్యాక మాత్రం మా అత్తయ్యలాంటి వాళ్లింటికే వెళ్లండి, ఆకలితో వెళ్లండి.