ఇంకా టైముంది మావయ్య

మా మావయ్య వాచీలు బాగుచేస్తాడు. అందరి టైమూ సరిచేసే మనిషి, తను మాత్రం ఆఖరి నిమిషం దాకా కుర్చీలోంచి లేవడు. ఎవరేమన్నా ఒకటే మాట: "ఇంకా టైముంది." పెళ్లినాడు పిలవడానికెళ్తే గదిలోంచి ఇదే మాటన్నాడని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్నామధ్య ఒక రోజు సంగతి చెప్తా. మర్నాడు పొద్దున్నే అత్తయ్య వాళ్లక్కకి గుండె ఆపరేషన్. "చెల్లెలొస్తేనే బల్లెక్కుతా" అని ఆవిడ మొండికేసింది. ఆ ఊరికి ఆ రోజు ఉన్నది ఒక్కటే విమానం. అత్తయ్యకేమో విమానమంటే హడల్. పోయిన నెల దాని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేసింది. అందుకే నన్నూ తోడు రమ్మన్నారు.

ఎయిర్‌పోర్టుకి చేరగానే మావయ్య తిన్నగా మా గేటుకెదురుగా ఉన్న వైన్ బార్‌లో దూరాడు. ఎత్తు స్టూలెక్కి, ఎర్ర వైను ఒక గ్లాసు చెప్పి, దాన్ని దీపానికెత్తి పట్టుకుని, ఒంటికన్నుతో వాచీ లోపల చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కించడం మొదలెట్టారండీ!" అంది అత్తయ్య.

"ఇంకా టైముంది."

"లైను సగమైపోయింది!"

"వైన్‌ని కంగారుపెట్టకూడదే. రుచి చెడుతుంది."

"ఇన్నేళ్లలో లేని తాగుడు ఇప్పుడేంటి మీకు? అక్కడ మా అక్క..."

"ఏమోయ్ అల్లుడూ, మీ అత్తయ్యకి పల్లీలు చెప్పు."

లైను ఖాళీ. మైకులో మమ్మల్ని పిలిచారు. మళ్లీ పిలిచారు. గేటు దగ్గరమ్మాయి అడ్డంగా పట్టీ లాగేస్తోంది.

అంతే, అత్తయ్యకి తిక్కరేగింది. మావయ్య చొక్కా పట్టుకుని స్టూలు మీంచి ఒక్క లాగు లాగింది. "మీ మొహానికి టైమా! నడవండి!" గేటు, గొట్టంలాంటి ఆ దారి, విమానం గుమ్మం, అన్నీ తిడుతూనే దాటేసింది. సీట్లో బెల్టు పెట్టుకున్నాక కూడా పట్టుకున్న చొక్కా వదల్లేదు. పెళ్లినాటి నుంచి మొదలెట్టి వరసగా ఏకరువు పెట్టింది.

ఊపిరి తీసుకోడానికి ఆగి, "ఇంతకీ ఇదెప్పుడు లేస్తుందిరా?" అంది నాతో.

"లేచి పావుగంటయింది అత్తయ్యా."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మేం పరిగెత్తేటప్పుడు బల్ల మీద ఆ గ్లాసు నిండుగానే ఉంది. చుక్క తగ్గలేదు.

అత్తయ్య కిటికీలోంచి మబ్బుల్ని చూసింది. మొగుణ్ణి చూసింది. చొక్కా వదిలేసి చెయ్యి పట్టుకుంది.

"వచ్చేటప్పుడు అక్కడ కూడా అలాంటి కొట్టు ఏదైనా ఉందేమో చూడండి," అంది మెల్లిగా. "తిట్టాల్సినవి ఇంకా బోలెడున్నాయి."

మావయ్య వాచీ చూసుకున్నాడు.

"ఇంకా టైముందిలే."