హూణుల నాణెం, మా అమ్మ మొహం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మది ఒకే ఒక్క ఫొటో ఉండేది. అమ్మ పోయిన ఏడాదే, కాట్రేనికోనలో మా ఇంట్లోకి తుఫాను నీళ్ళొచ్చి అదీ పోయింది. అప్పటికి నేను పదేళ్ళదాన్ని. మొహం మరిచిపోతానన్న భయంతో ఆ వారమే నోటుపుస్తకంలో అమ్మ బొమ్మ గీశాను. తరువాత ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్ని చూసి ఇంకో పేజీలో మరింత శుభ్రంగా గీసేదాన్ని. కొత్తది బాగా కుదిరిందని పాతది చింపేసేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మా పెదనాన్నగారు మిలటరీలో చేసి వచ్చిన మనిషి, మాటలు తక్కువ. రాజస్థాన్‌లో ఉన్నప్పుడు కొన్న పాత వెండి నాణేలు ఓ రేకు డబ్బాలో దాచుకున్నారు. ఒక ఆదివారం నేను పాత బొమ్మ చూసి కొత్తది గీస్తుండగా వచ్చి, నా నోటుపుస్తకం తిరగేసి, వెళ్ళి ఆ డబ్బా తెచ్చారు. చాప మీద ఏడు నాణేలు వరసగా పేర్చారు.

మొదటిది హూణులది. పారశీకుల నాణెం చూసి కొట్టించుకున్నారట. ఒకవైపు రాజు తల, చెవికి పోగు, కిరీటానికి రెక్కలు. రెండోవైపు అగ్నివేదిక, దానికి అటూ ఇటూ ఇద్దరు కాపలావాళ్ళు. ఆ మంట ఆరనంతకాలం రాజ్యం నిలుస్తుందని దాని అర్థమని పెదనాన్నగారు చెప్పారు. హూణులు పోయాక కూడా రాజస్థాన్ వైపు వందల ఏళ్ళు అదే అచ్చు కొట్టారట. ఏడోదాని మీద రాజూ లేడు, మంటా లేదు. నాలుగు గీతలు, కాసిని చుక్కలు, తొక్కేసిన ముగ్గులా ఉంది.

“ఇందులో రాజుగారి మొహం ఎక్కడ పోయిందో చూపించమ్మా,” అన్నారు.

ఎంత వెతికినా తెలియలేదు. పక్కపక్క నాణేలు ఏ రెండు చూసినా పెద్ద తేడా కనబడలేదు.

“ఎవడూ మోసం చెయ్యలేదమ్మా. ఒక్కొక్కడూ ముందువాడు చెక్కింది చూసే చెక్కేడు. రాజుని చూసినోడు లేడు. అందుకే, నువ్వు మొట్టమొదట గీసింది జాగర్తగా దాచుకో. ఏదీ, ఇలా తే.”

“చింపి పొయ్యిలో పెట్టేసేనండీ.”

ఆయన మొహం చిన్నబోయింది. మంచి మాట చెబుదామని వచ్చి తల్లిలేని పిల్లని ఏడిపించానే అనుకున్నారు కాబోలు, నన్ను దగ్గరకు తీసుకున్నారు. ఆ సాయంత్రం నాన్నగారిని అడిగాను, అమ్మ పుట్టుమచ్చ ఎక్కడ ఉండేదని.

“ఎడమ కంటి కిందే... అనుకుంటానమ్మా,” అన్నారు.

నా బొమ్మలో అది చెంప కిందికి దిగి ఉంది.

ఆ రోజుతో గీయడం మానేశాను. తలుచుకోవడం మాత్రం మానలేకపోయాను. డెబ్బై దాటాయి నాకు. తలుచుకున్న ప్రతిసారీ, కిందటిసారి తలుచుకున్న మొహమే వస్తుంది. అంతకన్నా వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇప్పుడెవరైనా మా అమ్మ అసలు ఫొటో తెచ్చి చేతిలో పెడితే, “ఈవిడెవరండీ?” అని అడుగుతానేమోనని నా భయం.