చెడిపోని రేడియో

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. మోసేవాడికి బరువెంతో తెలియాలి కదా అని, ముందు పోయినవన్నీ కూడి చూస్తున్నాను. ఒక పాట పోయింది. దాన్ని వినాల్సిన మనిషి పోయాడు. ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం మాకు ఉండే పండగ పోయింది. ఒక ముసలాయనకి తన వేళ్ళ మీదున్న నమ్మకం పోయింది. నాకేం పోయింది? ఎంత వెతికినా ఏమీ కనిపించదు. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, లెక్క తప్పనివాడన్న పేరుంది. ఆ పేరు కాపాడుకోవడానికే నేనా పని చేశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను ఇంటర్‌లో లెక్కలు తప్పాను. వంట కోర్సుకని మెల్‌బోర్న్ వచ్చి, క్లేటన్‌లో కుర్రాళ్ళందరం ఒకే ఇల్లు పంచుకుని, ఆ కోర్సూ సగంలో వదిలేసి, క్రాన్‌బర్న్‌లో కలప అమ్మేచోట చేరాను. ఇంటి ప్లాను చూసి ఏ కొలత చెక్క ఎంత కావాలో చెప్పడం అక్కడ నా అంతట నేనే నేర్చుకున్నాను. కెన్ పరిచయమైంది అక్కడే. పాత రేడియోకి కొత్త పెట్టె చేసుకోవడానికి చెక్క కొనడానికొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. నేను కాగితం లేకుండా కోతలు లెక్కగట్టడం చూసి, "నువ్వు మా హాలుకి రావాలి మేట్" అన్నాడు.

ఆ హాలు గురించి చెప్పాలి. చెప్పాలనే ఉంది.

ట్రాన్సిస్టర్లకి ముందటి పాత వాల్వు రేడియోలంటే ప్రాణం పెట్టే ముసలివాళ్ళ బృందం అది. ఏటా ఒక్కరోజు, అనుమతి తీసుకుని, చుట్టుపక్కల నాలుగైదు పేటల వరకే వినిపించే చిన్న ట్రాన్స్‌మిటర్‌తో, రేడియో పుట్టిన తొలి రోజుల్లో ఎలా ప్రసారం చేసేవాళ్ళో అలాగే చేసేవారు. ఒకటే మైకు. గోడలకి దుప్పట్లు. రికార్డు చేసింది ఏదీ వేయకూడదు, జరుగుతున్నదాన్ని రికార్డు చేయకూడదు. గాల్లోకి పోయింది పోయినట్టే. పొద్దున్నే గంట కొట్టి మొదలుపెట్టేవారు. వాతావరణం చదివేవారు, ఉన్ని ధర, బంగాళాదుంపల ధర చదివేవారు. పిల్లల కథలో వాన కురవాలంటే పళ్ళెంలో బియ్యం వంచేవారు. పక్కగదిలో గట్టిగా వినిపించడానికని ఒక హెడ్‌ఫోన్‌ని పింగాణీ గిన్నెలో పెడితే, ఆ గిన్నె చుట్టూ పదిమంది తలలు వంచి వినేవాళ్ళం. నాకిప్పటికీ ఆ గిన్నెలోంచి వచ్చే పియానో చెవిలో ఉంది. ఎంత దగ్గరగా ఉన్నా ఎక్కడో సముద్రం అవతల్నించి వస్తున్నట్టుండేది. ఇంటికి దూరంగా ఉన్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఎవరు ఎప్పుడు మైకు ముందుకి రావాలో ఆ టైము పట్టిక వేయడం నా పని. అందులో ఒక చిక్కుంది. ఇక్కడ అక్టోబరులో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, ఏప్రిల్‌లో మళ్ళీ వెనక్కి. హాల్లోని గోడ గడియారాన్ని మాత్రం తిప్పేవారు కాదు. తొలి రేడియో రోజుల్లో ఈ తిప్పుడు లేదని కెన్ పట్టు. కాబట్టి ఆ రోజంతా హాల్లో ఒక టైము, ఊళ్ళో ఒక టైము. ఊళ్ళోవాళ్ళకి చెప్పేటప్పుడు ఒక గంట కలపాలి. ఆ కలిపేవాణ్ణి నేనే.

ఇక రత్నం ఆంటీ. మాది ఒకటే చర్చి. ఆవిడ భర్త దేవదానం అంకుల్‌కి రేపల్లెలో రేడియోలు, మైకులు బాగుచేసే షాపు ఉండేది. చర్చి మైకు రిపేరుకొస్తే పరీక్షించడానికి హలో, వన్, టూ అనేవాడు కాదట. అప్పటికి కొత్త పెళ్ళికూతురైన ఆంటీని పిలిచి పాట పాడమనేవాడట. ఆ పాట ఆవిడే కట్టుకున్నది. కూతురు పిలిస్తే ఇద్దరూ ఇక్కడికొచ్చారు. తర్వాత కూతురికి సిడ్నీలో ఉద్యోగం, అంకుల్‌కి పక్షవాతం, ఆపైన మరపు. ముసలివాళ్ళని చూసుకునే ఏజ్డ్ కేర్‌లో చేర్చారు. ఆంటీ రోజూ వెళ్ళి పక్కన కూర్చుని పాడినా మొహం తిప్పుకునేవాడు. ఎవరో పరాయి ఆడమనిషి పాడుతోందనుకున్నాడేమో.

ఈ సంగతి నేను చెబితే, కెన్ తను బాగుచేసిన రేడియో సెట్టొకటి తీసుకెళ్ళి ఆయన మంచం పక్కన పెట్టాడు. అంకుల్ చెయ్యెత్తి, స్టేషన్లు మార్చే బిళ్ళ పట్టుకుని, మెల్లగా తిప్పాడు. స్టేషను దగ్గర ఆగాడు. కొంచెం వెనక్కి తిప్పి సరిచేశాడు. ఆంటీ నోటికి కొంగడ్డం పెట్టుకుంది. రేడియోలోంచి తన గొంతు వస్తే గుర్తుపడతాడని ఆవిడకప్పుడే అనిపించింది. మా అందరికీ అనిపించింది.

ఆ ఏడు పట్టికలో ఆవిడకి సాయంత్రం నాలుగింటికి చోటిచ్చాను. హాలు గడియారం నాలుగు. అంటే ఊళ్ళో ఐదు. ఇళ్ళలో వినేవాళ్ళందరికీ గంట కలిపిన టైమే పంపాను. ఏజ్డ్ కేర్‌కి మాత్రం ఫోన్ చేసి చెప్పాను. చేతిలో ఉన్నది హాలు కాగితం. అవతలి అమ్మాయి తొందరలో ఉంది. "నాలుగింటికి పెట్టండి" అనేశాను. అంతే. తప్పు అంతే. అక్కడితో ఆగి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు.

ఆంటీ ఆరోజు ఎంత బాగా పాడిందో! గాజుల చప్పుడు మైకులో పడుతుంది, తీయమన్నాడు కెన్. "పెళ్ళినాటి నుంచీ తియ్యలేదు, ఈ తెల్లాయన కోసం తీస్తానా?" అని నవ్వి, వాటి మీద చేతిరుమాలు కట్టుకుంది. కెన్ నేలమీద సుద్దతో గీత గీసి అక్కడ నిలబడమన్నాడు. ఆవిడది చర్చి గొంతు, మైకుకి దూరంగా ఉంటేనే మంచిది. పక్కగదిలో గిన్నె చుట్టూ ఉన్న ముసలివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరూ తల ఎత్తలేదు.

పాట అవగానే ఆవిణ్ణి కారులో ఏజ్డ్ కేర్‌కి తీసుకెళ్ళాను. కారిడార్‌లో ఆ అమ్మాయి ఎదురై, ఇంగ్లీషులో గబగబా చెప్పింది. నాలుగింటికే పెట్టారట. ఎవరో దుంపల ధరలు చదివారట, తర్వాత పిల్లల కథట. అంకుల్ బిళ్ళ మీద చెయ్యేసి అరగంట పైనే కూర్చున్నాడట. ఐదింటికి అందరికీ భోజనం కదా, రేడియో కట్టేసి ఆయన్ని డైనింగ్ హాలుకి తీసుకెళ్ళారట. పాటేం రాలేదు, సారీ అంది.

వింటూనే తెలిసిపోయింది నాకు. ఆవిడ పాడుతున్నప్పుడు ఆయన సూప్ తాగుతున్నాడు.

ఆంటీకి ఇంగ్లీషు అంతగా రాదు. నా మొహం చూస్తోంది.

"ఏవంటంది బాబూ ఆ పిల్ల? విన్నారంటనా?"

"లేదాంటీ. రేడియో పలకలేదంట."

"పలక్కపోవడవేంటి? నిన్న బానే పలికిందిగా?"

"పాతది కదాంటీ. లోపలేదో పోయుంటది."

ఆవిడ గోడకానుకుంది. గాజుల మీది రుమాలు విప్పుకుంటూ అంది. "పోన్లే. ఆ రేడియో పెద్దాయన్నేవీ అనబాక. పాపం, ఎంత కష్టపడ్డాడో."

ఆ అమ్మాయి ఇంకా మా ముందే నిలబడి ఉంది. తను చెప్పిందే నేను తెలుగులో చెబుతున్నాననుకుని, జాలిగా తలూపింది కూడా. ఎందుకలా అన్నాను? ఆంటీని ఓదార్చడానికా? ఎన్నోసార్లు అలాగే చెప్పుకున్నాను. కాదు. ఓదార్చాలంటే వేరే మాటలున్నాయి. నా లెక్క తప్పిందని ఎవరికీ తెలియకూడదు, అంతే. ఇంటర్‌లో తప్పిన కుర్రాడు ఇక ఎక్కడా తప్పకూడదు.

కెన్‌కీ అదే చెప్పాను. మర్నాడే వెళ్ళి సెట్టు వెనక్కి తెచ్చుకున్నాడు. ఇంకో సెట్టు పంపు అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ చలికాలంలో అంకుల్ పోయాడు. ఆంటీ సిడ్నీకి, క్వేకర్స్ హిల్‌లో ఉండే కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

కెన్ ఆ సెట్టు విప్పాడు. ఎన్నిసార్లు విప్పాడో! నేను టీకి వెళ్ళినప్పుడల్లా అది బల్లమీద వెనక చెక్క లేకుండా ఉండేది. వాల్వులు మార్చాడు. కెపాసిటర్లు మార్చాడు. ప్రతి అతుకూ తీసి మళ్ళీ అతికాడు. పెట్టిన ప్రతిసారీ అది చక్కగా పలికేది. అదే ఆయన్ని తినేసింది. దాక్కునే తప్పుని నమ్మకూడదు అనేవాడు. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకునేవాణ్ణి. లేని తప్పు కోసం ఆయన కళ్ళు చిట్లించి వెతుకుతుంటే, చెయ్యి వణక్కుండా వెలుతురు పట్టాను. ఇది మాత్రం తల్చుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నాకే పరాయిదిలా ఉంటుంది.

మరుసటి ఫిబ్రవరికి అందరూ అడిగారు. కెన్ ఒప్పుకోలేదు. ఒక్క మనిషి కోసం ఒక్క సెట్టు పలికించలేనివాణ్ణి, ఊరికి ఏం పలికిస్తాను అన్నాడు. ట్రాన్స్‌మిటర్ ఆయనది. ఆ తర్వాత ఆ రోజు మళ్ళీ జరగలేదు. ఇప్పుడా హాల్లో యోగా నేర్పుతున్నారు. గోడలకి దుప్పట్లు లేవు, మాటలు ప్రతిధ్వనిస్తాయి.

పోయిన నెల కెన్ చనిపోయాడు. ఆయన కూతురు ఆ సెట్టు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "డాడ్ నీకే ఇమ్మన్నాడు. నువ్వు తొందరపడే మనిషివి కాదట, నీకైతే దొరుకుతుందన్నాడు" అంది. థాంక్యూ అన్నాను. ఇంకేం అనలేదు. అప్పుడైనా అనవచ్చు కదా? ఆయన లేడు, కోప్పడేవాళ్ళు లేరు. అయినా సెట్టు తీసుకెళ్ళి లోపల పెట్టుకున్నాను.

ఆంటీ క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. "కెన్ గారు బావున్నారా?" అని అడుగుతుంది. ఈసారి ఆయన పోయిన సంగతి చెప్పాలి. దాంతోపాటు ఇదీ చెబుతానా? చెబితే ఆవిడకి ఏం తిరిగొస్తుంది? చెప్పకపోతే ఎవరికి మేలు? ఈ లెక్క వేసే ప్రతిసారీ జవాబు నాకు అనుకూలంగానే వస్తుంది. అందుకే ఆ జవాబుని నమ్మడం లేదు. ముందు మీకు రాశాను. రాశాక ఛాతీలో కొంచెం చోటు ఏర్పడినట్టుంది. దాన్ని క్షమాపణ అనుకునేంత అమాయకుణ్ణి కాదు.

కెన్ ఆ రోజు తర్వాత దాదాపు తొమ్మిదేళ్ళు బతికాడు. వందల కప్పుల టీ తాగాం. ఏ రెండు కప్పుల మధ్యనైనా చెప్పి ఉండవచ్చు. నీ సెట్టులో ఏ లోపమూ లేదు అని. ఆయన భాషలో లెక్కపెట్టి చూశాను: దేర్ వాజ్ నథింగ్ రాంగ్ విత్ యువర్ సెట్. నేను ఆయనకి బాకీ పడ్డది సరిగ్గా ఏడు మాటలు.