స్లైగో గాలిలో జెండా కర్రతో

లదాఖ్ ఎత్తైన ఎడారికి వందేళ్ల కిందట గీసిన పటాలను ఇక్కడ ఐర్లండ్‌లో, స్లైగో ఊళ్లో ప్రదర్శనకు పెట్టారని మా అమ్మాయి నిఖిలకు చెప్పింది నేను కాదు, పక్కింటి మాధవి. ఆమె డబ్లిన్ లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసులు వరసగా లేస్తున్న రోజుల్లో వచ్చి, కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే ఉద్యోగంలో చేరింది. అప్పటినుంచి నిఖిల సాయంత్రాలన్నీ వాళ్లింట్లోనే. బంగాళాదుంపను బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్ల చుట్టూ గీసి, కొండల ఎత్తును గీతల్లో చూపడం దానికి మొదట నేర్పింది నేను. వాళ్లిద్దర్నే పంపడం ఇష్టం లేక నేనూ బయల్దేరాను.

మాలా బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి వెళ్లేవారు మేనూత్‌లో రైలెక్కితే డబ్లిన్ సిటీలోకి వెళ్లే పని తప్పుతుంది. అక్కడినుంచి రెండున్నర గంటలు. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే చవక. నేను పులిహోర కట్టుకెళ్లాను. నిఖిల మాధవి తెచ్చిన శాండ్‌విచ్ తింది. స్లైగోలో ట్యాక్సీ డ్రైవరు, "ఎడారి చూడ్డానికి ఈ వానలోకి వచ్చారా? గ్రాండ్," అని నవ్వాడు. ఇక్కడివాళ్లకి గ్రాండ్ అంటే బాగుందని.

ప్రదర్శనలో చెప్పారు, మనుషులు లేని ఆ లదాఖ్ నేల మీద సర్వేయర్లు బల్లపై కాగితం పరిచి, దూరంగా జెండా కర్ర పట్టుకున్న మనిషి వైపు గురిచూసి గీత గీసేవారట. బల్లను వేరే చోటికి మార్చి మళ్లీ గీస్తే, గీతలు కలిసినచోట ఆ మనిషి ఉన్నట్టు. మధ్యాహ్నం వాన తగ్గాక, పటాలు చూపించిన పెద్దావిడ మమ్మల్ని పక్క మైదానంలోకి తీసుకెళ్లి అదే చేయించింది.

"కర్ర ఎవరు పట్టుకుంటారు? కదలకూడదు," అంది ఆవిడ.

"అమ్మ. రోజంతా నిలబడమన్నా నిలబడుతుంది," అంది నిఖిల ఇంగ్లీషులో.

"నేను పట్టుకుంటాలే అక్కా, మీరు గీయండి," అంది మాధవి. ఆ మంచితనానికి ఇంకా మండింది.

"వద్దులే, నేర్పేదానివి నువ్వేగా," అని కర్ర లాక్కుని మైదానం చివరికి నడిచాను.

మూడు చోట్ల బల్ల పెట్టి గీశారు. బల్ల మీదికి వంగిన రెండు తలలు కనబడుతున్నాయి. నవ్వులు మాత్రం గాలికి ఇటు రావడం లేదు. చేతులు కొంకర్లు పోయినా కర్ర వంచలేదు.

తిరిగొచ్చి చూస్తే కాగితం మీద మూడు గీతలూ ఒకే చుక్కలో కలిశాయి. పక్కన వంకర అక్షరాలతో తెలుగులో 'అమ్మ' అని ఉంది.

"గుర్తుకి పేరు పెట్టాలి కదా," అంది నిఖిల. నేను చెయ్యి చాపేలోపే కాగితాన్ని చుట్టి మాధవికిచ్చింది. "ఆంటీ, మీ ఆఫీసు గోడకి."

వెళ్లేముందు ఆ పాత పటాల్లో జెండా పట్టినవాళ్ల పేర్లకోసం వెతికాను. ఒక్కటీ లేదు. వాళ్లకంటే నేను నయం. అయినా నా పేరున్న కాగితం మాధవి గోడ మీద ఉందంటే ఈరోజుకీ కడుపు మండుతూనే ఉంది. మీరు వెళితే గీయడానికి రెండో కాగితం వెంట తీసుకెళ్లండి. అక్కడ ఒక్కటే ఇస్తారు.