దేదీప్య బొటనవేలు
అమెరికాలోని నోవైలో తెలుగువాళ్లనెవరినైనా అడగండి, రాధారాణి గారి కూతురు దేదీప్య నేపాల్ కొండల మీద, మంచుతుపానులో, ఒక చేత్తో చిరుతను అదిలిస్తూ రెండో చేత్తో కవలలకు పురుడు పోసిందని చెబుతారు. చిరుత మొన్న తలా ఒక వంట తెచ్చుకున్న పాట్‌లక్‌లోనే కథలోకి వచ్చింది, వాళ్లింటి స్నేహితుడు మోహన్ అంకుల్ చలవ. అంతటి వీరనారి, ఫెలోషిప్ మీద అక్కడి క్లినిక్‌లో చేరిన దగ్గర్నుంచీ మోచేతుల దాకా కడుక్కోనిదే అన్నం ముట్టదు. సోఫా ఉన్నా కిందే కూర్చుంటుంది. ఊరికే ఉన్నప్పుడు బొటనవేలితో లేని స్విచ్చేదో నొక్కుతూ ఉంటుంది.

మెడికల్ స్కూళ్ల నుంచి పోయినేడు ఒక్క పిలుపూ రాలేదు. ఈసారి వచ్చింది ఒకే ఒక్క వీడియో ఇంటర్వ్యూ. కొండ మీది నెట్‌ని నమ్మలేక, సెలవు పెట్టి ఇంటికొచ్చింది. "నేనే డెలివరీ చేశానని చెప్పెయ్ తల్లీ, అక్కడికెళ్లి ఎవరు చూసొస్తారు?" అని పొద్దుట్నుంచీ నూరిపోసిన మోహన్ అంకుల్, ల్యాప్‌టాప్ వెనక నిలబడి, గాలిలో బిడ్డను అందుకుంటున్నట్టు చేతులు చాపాడు. అప్లికేషన్లో రాసిన ఆ కాన్పులో నువ్వేం చేశావని తెర మీది డాక్టరు అడిగింది. దేదీప్య బల్ల కింద బొటనవేలు నొక్కుతూనే ఉంది. అంకుల్ చేతులు ఇంకాస్త ముందుకు వచ్చాయి. బొటనవేలు ఆగింది.

"కరెంట్ పోయింది. పాపను నర్స్ బయటికి తీసింది. నేను టార్చ్ పట్టుకున్నాను, అంతే."